రీఫ్ ట్యాంకుకు సూర్యలంక నీళ్లా, సంచి ఉప్పా?

బ్రాడీపేట నాలుగో లైను

గుంటూరులో మా ఇంటి ముందు గదిలో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకు, పెట్టబోతున్నాను. పన్నెండేళ్లుగా మంచినీటి చేపలు పెంచుతున్నాను. గప్పీలతో మొదలుపెట్టి ఖరీదైన డిస్కస్ చేపల దాకా వచ్చాను. ఇప్పుడు రాళ్లు, నాలుగు పగడాలు, ఒక జంట క్లౌన్ చేపలు కావాలని మనసు లాగుతోంది.

తగువు నీళ్ల దగ్గరే వచ్చింది. దుకాణంలో ఆక్వేరియం ఉప్పు సంచి ధర వినగానే మా నాన్నగారు, "అరవై కిలోమీటర్ల దూరంలో సముద్రం పెట్టుకొని ఉప్పు సంచి కొంటావా?" అన్నారు. రెండు రోజులు ఆలోచించినా నాకు జవాబు దొరకలేదు. ఆదివారం స్నేహితుడి ట్రాలీ ఆటోలో డ్రమ్ములు వేసుకొని సూర్యలంక వెళ్లాలా, వద్దా? పెంచుతున్నవాళ్లు చెప్పండి.

పటమట రీఫ్

వద్దు. ఐదేళ్లుగా రీఫ్ ట్యాంకు నడుపుతున్నవాడిగా చెబుతున్నాను.

పగడానికి కావలసింది మంచి నీళ్లు మాత్రమే కాదు, ఈ రోజు ఎలా ఉన్నాయో రేపూ అలాగే ఉండే నీళ్లు. లీటరుకు 35 గ్రాముల లవణాలు, 400 నుంచి 450 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల దగ్గర మెగ్నీషియం, 8 నుంచి 9 డీకేహెచ్ మధ్య ఆల్కలినిటీ (క్షార గుణం). ఆర్వో నీళ్లలో మంచి ఉప్పు తూకం వేసి కలిపితే ప్రతి వారం ఇవే అంకెలు వస్తాయి. సూర్యలంక తీరం అలా కాదు. డెల్టాలోని డ్రెయిన్లన్నీ చివరికి ఆ సముద్రంలోనే కలుస్తాయి. వరి చేలకు కొట్టిన మందులు, రొయ్యల చెరువులు వదిలిన నీళ్లు అన్నీ అందులోనే. దగ్గరలో నిజాంపట్నం హార్బర్ ఉంది. పడవల అడుగున పాకుడు పట్టకుండా వేసే రంగుల్లో రాగి ఉంటుంది. చేప తట్టుకునే రాగి మోతాదు పగడం లాంటి వెన్నెముక లేని జీవులను చంపేస్తుంది.

లెక్క చూద్దాం. 200 లీటర్లకు మొదటిసారి ఏడు కిలోల ఉప్పు. తర్వాత వారానికి 20 లీటర్లు మారిస్తే నెలకు మూడు కిలోలు. డిస్కస్ పెంచినవారికి ఇది భారం కాదు.

హేచరీ మనిషి

పటమటవారు మా సముద్రాన్ని మురుగు కాలువ చేసేశారు. నేను బాపట్ల తీరంలో ఒక రొయ్యల హేచరీలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. రొయ్య పిల్లకూ వెన్నెముక లేదండీ. రాగికి అదీ చస్తుంది. అలాంటి పిల్లలను మేము ఆ నీళ్లలోనే లక్షల లెక్కన పెంచి రైతులకు ఇస్తున్నాం. నీళ్లు విషమైతే ఈ తీరంలో ఒక్క హేచరీ అయినా నిలబడేదా?

అయితే మేము బకెట్టుతో ముంచుకొచ్చి వాడము. తేడా అక్కడే ఉంది. నీళ్లు తోడి, తేర్చి, ఇసుక ఫిల్టరులో వడగట్టి, క్లోరిన్ వేస్తాం. ఒక రోజు గాలి కొట్టించి, మిగిలిన క్లోరిన్‌ను హైపోతో (సోడియం థయోసల్ఫేట్) తీసేసి, చుక్కల మందుతో పరీక్షించాకే వాడతాం. పరీక్షలో పసుపు రంగు కనబడితే క్లోరిన్ ఇంకా ఉన్నట్టే, ఆ నీళ్లు ముట్టుకోము. ఇంట్లో కూడా ఇది చేసుకోవచ్చు. ఆహార పదార్థాలకు వాడే ప్లాస్టిక్ డ్రమ్ములు కావాలి. పురుగుమందు, రంగులు ఉన్న డ్రమ్ములు ఎంత కడిగినా పనికిరావు. ఇనుప బకెట్టు, రాగి చెంబు దగ్గరికి రానివ్వకండి.

ఇంకో మాట. ఈ ఆదివారం మాత్రం వెళ్లకండి. కార్తీక మాసం, సముద్ర స్నానాలకు జనం తండోపతండాలుగా వస్తారు. నూనె, పసుపు, సబ్బు అన్నీ ఒడ్డు నీళ్లలోనే.

పటమట రీఫ్

రొయ్య పిల్ల మీ దగ్గర ఎన్ని రోజులు ఉంటుంది? మూడు వారాలు. తర్వాత చెరువుకు పోతుంది. పగడం నా ట్యాంకులో ఏళ్ల తరబడి ఉండాలి. మూడు వారాల్లో కనబడని మచ్చ మూడేళ్లలో కనబడుతుంది. పైగా మీకు ల్యాబు ఉంది, ఫిల్టర్ ఉంది, పద్దెనిమిదేళ్ల చేయి ఉంది. ఈయనకు ట్రాలీ ఆటో ఉంది.

హేచరీ మనిషి

అది ఒప్పుకుంటాను. ట్రాలీ ఆటో సంగతి.

తెనాలి నుంచి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. కొనే ఉప్పు ఖరీదు అంటున్నారు, సముద్రపు నీళ్లు అనుమానం అంటున్నారు. మరి చినగంజాం ఉప్పు ఉందిగా? అది సముద్రపు నీళ్లు ఎండబెట్టిందే. ఆ రాళ్ల ఉప్పు సంచి తెచ్చి కలిపితే మళ్లీ సముద్రపు నీళ్లే కావాలి కదా?

హేచరీ మనిషి

కావు. మంచి ప్రశ్నే అడిగారు, ఉప్పు మడులు చూసినవారికి ఎవరికైనా వచ్చే అనుమానమే. మడిలో నీళ్లు ఎండుతున్నప్పుడు అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు సున్నం, జిప్సం అడుగున పడతాయి. కాల్షియంలో ఎక్కువ భాగం అక్కడే పోయింది. తర్వాత తినే ఉప్పు తేలుతుంది, దాన్ని పోగు చేస్తారు. చివర మిగిలిన చేదు నీళ్లను వదిలేస్తారు. మెగ్నీషియం, పొటాషియం అందులో పోతాయి. ఇక మీ సంచిలో ఉన్నది దాదాపు సోడియం క్లోరైడే. పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి కాల్షియం కావాలి, అది లేని నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నా దానికి ఆకలే. ఉప్పునీళ్ల బోర్లతో వనామి రొయ్య వేసిన రైతులు పొటాషియం, మెగ్నీషియం సంచులు విడిగా కొని చల్లేది కూడా ఇలాంటి లోటు పూడ్చడానికే.

పటమట రీఫ్

ఈ ఒక్క విషయంలో హేచరీవారితో ఏకీభవిస్తున్నాను. పనిలో పనిగా ఇంకొకటి. వంటింటి ఆర్వో నీళ్లూ, ఇరవై లీటర్ల టిన్ను నీళ్లూ ఉప్పు కలపడానికి పనికిరావు. రుచి కోసం వాటిలో ఖనిజాలు ఉంచుతారు లేదా కలుపుతారు. మీటరు పెడితే టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) 50, 80 చూపిస్తుంది. మనకు సున్నా కావాలి. ఆర్వో తర్వాత రెసిన్ గొట్టం ఒకటి తగిలిస్తే వస్తుంది. లేకపోతే ట్యాంకు నిండా నాచే.

సింగ్‌నగర్ మొదటి అంతస్తు

మూడు రోజులుగా చదువుతున్నాను. నీళ్లు ఎక్కడివి అని మీరు కొట్టుకుంటున్నారు. నా ట్యాంకు నీళ్లు చాలా మంచివి, అంకెలన్నీ పుస్తకంలో రాసి పెట్టుకునేవాడిని. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, విజయవాడ వరదల్లో బుడమేరు మా వీధిలోకి వచ్చింది. కింది అంతస్తు మునిగింది. కరెంటు తీసేశారు, తీయక తప్పదు కూడా. ఇన్వర్టరు సాయంత్రం దాకా లాగింది.

ఆ తర్వాత చెంబుతో నీళ్లు తీసి, ఎత్తు నుంచి తిరిగి పోస్తూ కూర్చున్నాను. గాలి కలవాలిగా. నేను అలసిపోతే మా ఆవిడ, ఆవిడ అలసిపోతే మా అబ్బాయి. మా తాగునీళ్లు పడవల మీద వస్తుంటే మేము చేపలకు గాలి కొడుతున్నాం. పొరుగువారు చూసి ఏమనుకున్నారో తెలియదు. మొదట పెద్ద చేప పోయింది, నీలం టాంగ్. పెద్ద ఒంటికి ఎక్కువ ప్రాణవాయువు కావాలి. మర్నాటికి క్లౌన్లు. చచ్చినవాటిని తీసినా అమ్మోనియా పెరుగుతూనే ఉంది, ఎందుకంటే నీళ్లు పారకపోతే అమ్మోనియాను తినే రాళ్లలోని బ్యాక్టీరియా కూడా చస్తుంది. కరెంటు వచ్చేసరికి మిగిలింది రెండు నత్తలు, మష్రూములనే మెత్తటి పగడాలు గుప్పెడు.

గుంటూరువారికి బుడమేరు లేదు. మే నెల ఉంది. 44 డిగ్రీల మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే చాలు. పగడం 24 నుంచి 27 డిగ్రీల మధ్య బాగుంటుంది. నీళ్లు 30 దాటి అక్కడే నిలిచాయంటే ఒంట్లో ఉండి తిండి పెట్టే సూక్ష్మమైన నాచును అది బయటికి నెట్టేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. 2024లో లక్షద్వీప్ దిబ్బలకు సముద్రంలోనే ఈ గతి పట్టింది. సముద్రమే చల్లబరచుకోలేకపోయినప్పుడు మన 200 లీటర్లు ఎంత?

ఉప్పు డబ్బులు మిగలాలా వద్దా అన్నది తర్వాత. ముందు నీళ్లు చల్లబరిచే చిల్లర్, బ్యాటరీతో నడిచే గాలి మోటారు రెండు, డీసీ పంపు ఒకటి కొనండి.

బ్రాడీపేట నాలుగో లైను

సింగ్‌నగర్‌వారూ, మీ మాట చదివాక మా నాన్నగారికి కూడా వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఫ్యాను పెడితే చాలదా?" అని అడిగారు.

పటమట రీఫ్

ఫ్యాను రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. అదీ గాలి పొడిగా ఉన్నప్పుడు. ఉక్కపోత రోజుల్లో మనకే చెమట ఆరదు, ట్యాంకు నీళ్లేం ఆవిరవుతాయి? ఆవిరైన రోజుల్లోనేమో మూడు నాలుగు లీటర్లు పోతాయి. ఆ లోటు ఉప్పు కలపని సున్నా టీడీఎస్ నీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లతో కాదు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కొత్తలో నేను చేసిన తప్పు అదే.

చిన్న చిల్లర్ 200 వాట్లు లాగుతుందనుకోండి, వేసవిలో రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 72 యూనిట్లు. ఇంటి బిల్లు పై శ్లాబుకు వెళ్లిపోవచ్చు. ఖర్చంటే ఉప్పొక్కటే కాదు, ఆ సంగతి నాన్నగారికి చెప్పండి.

లబ్బీపేట

నేను చేపలు పెంచను. వృత్తి న్యాయవాదం. ఇంతమంది ఇంత రాశారు, పగడాలు ఎక్కడివి అని ఒక్కరూ అడగలేదే?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైపు పగడం, నిప్పు పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలు అదే. చచ్చిన పగడపు రాయి ఇంట్లో ఉన్నా ఇబ్బందే. మన కృష్ణా, గోదావరి తీరంలో నదులు తెచ్చే బురదకూ మంచినీటికీ దిబ్బలు పెరగలేదు. మన దేశంలో పెద్ద దిబ్బలు ఉన్నవి మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో. కాబట్టి "మన సముద్రం పగడమే" అని ఎవరైనా అమ్మితే అది ఆ నాలుగింటిలో ఎక్కడో విరిచి తెచ్చినది. విదేశీయమంటే సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి పత్రం చూపాలి, గట్టి పగడాలన్నీ ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత అలాంటి సజీవ ప్రాణులను ఉంచుకునేవారు నమోదు కూడా చేయించుకోవాలి.

పటమటవారూ, మీ ఐదేళ్ల ట్యాంకుకు కాగితాలు ఉన్నాయా?

పటమట రీఫ్

నిలదీశారు కాబట్టి నిజం చెబుతాను. మొదటి ఏడాది రెండు గట్టి పగడాలు కొన్నాను. బిల్లు అడిగితే దుకాణదారు నవ్వాడు, నేనూ నవ్వి ఊరుకున్నాను. రెండూ వేసవి దాటలేదు. చట్టం గురించి నాకు తెలిసింది ఆ తర్వాతే. తెలియదనడం సాకు కాదని మీరు అంటారు, అనండి. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి జోయాంథిడ్లు, మష్రూములు, ఒక తోలు పగడం. ఇవన్నీ మెత్తటి రకాలు, గట్టి పగడాల జాబితాలో రావు. రాళ్లు కూడా పింగాణీ మట్టితో కాల్చి చేసినవి. బ్యాక్టీరియా పట్టడానికి ఆరు వారాలు పట్టింది, అంతే.

లబ్బీపేట

ధన్యవాదాలు. మొదటి టపాలోనే "ఐదేళ్లుగా రీఫ్" అన్నప్పుడు ఈ మాట రాయవలసింది.

హేచరీ మనిషి

చేపల మాట కూడా చెప్పాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో రూపొందించింది. కాబట్టి తొట్టిలో పుట్టిన పిల్లలనే అడగండి. చిన్నప్పుడే గుళికల మేతకు అలవాటు పడ్డవి, మీ దగ్గరా తింటాయి. సముద్రంలో పట్టినవైతే ఎలా పట్టారో తెలియదు. ఆగ్నేయాసియాలో సైనైడ్ చల్లి మత్తెక్కించి పట్టిన చేపలు ఈ వ్యాపారంలో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నాయి. అవి కొన్నాళ్లు బాగానే ఈది ఉన్నట్టుండి చావొచ్చు. నీలం టాంగు జోలికి పోకండి. అడుగు పొడవు పెరిగే చేపకు 200 లీటర్లు జైలు.

సింగ్‌నగర్ మొదటి అంతస్తు

అది నాకు తగిలింది. సరే, తగలవలసిందే.

బ్రాడీపేట నాలుగో లైను

అందరికీ నమస్కారం. మూడు వారాలు గడిచాయి. చెప్పవలసినవి చెబుతాను.

గట్టి పగడాలు లేవు. పింగాణీ రాళ్లు వచ్చాయి, చిల్లర్‌కు చెప్పాను, బ్యాటరీ గాలి మోటార్లు రెండు ముందే కొన్నాను. మధ్యలో ట్యాంకును ముందు గది నుంచి పై అంతస్తుకు మార్చాలనుకున్నాను, అది మానేశాను. నీళ్లు, గాజు, రాళ్లు, బల్ల కలిపి మూడు వందల కిలోలు దాటుతోంది, మేస్త్రీ వద్దన్నాడు.

మా నాన్నగారు మాత్రం మాట వినలేదు. రద్దీ తగ్గాక, మొన్న బుధవారం బస్సెక్కి సూర్యలంక వెళ్లి, పడవవారిని బతిమాలి, ఒడ్డుకు దూరంగా రెండు లీటర్ల సీసా నింపించి తెచ్చారు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో చూస్తే 27. పటమటవారు చెప్పిన 35 ఎక్కడ, ఇది ఎక్కడ?

హేచరీ మనిషి

ఈ రోజుల్లో అంతే ఉంటుంది. వానలకు కృష్ణా, గోదావరి వదిలిన మంచినీళ్లు ఇంకా తీరం వెంట ఉన్నాయి. ఎండలు ముదిరేసరికి మళ్లీ పెరుగుతుంది. రొయ్యకు 27 హాయి, పగడానికి కాదు. కావాలంటే శుద్ధి చేశాక లీటరుకు ఎనిమిది తొమ్మిది గ్రాముల ఆక్వేరియం ఉప్పు కలపండి, 35కు వస్తుంది. కిరాణా ఉప్పు కాదు. కాల్షియం కూడా అదే నిష్పత్తిలో పలచబడి ఉంటుంది.

పటమట రీఫ్

అంటే చివరికి ఉప్పు సంచి కొన్నట్టే కదా.

హేచరీ మనిషి

200 లీటర్లకు కిలో ముప్పావు. మీరు చెప్పిన ఏడు కిలోలు కాదు.

బ్రాడీపేట నాలుగో లైను

మా నాన్నగారు పక్కనే కూర్చొని చదువుతున్నారు. ఆ కిలో ముప్పావు ఉప్పు విడిగా అమ్ముతారేమో కనుక్కోమంటున్నారు.