ఏఈడీ మెషీన్‌తో పొరపాటున షాక్ ఇస్తే ప్రమాదమా?

ప్రశ్న:
మా అపార్ట్‌మెంట్ లాబీలో అసోసియేషన్ తరఫున ఏఈడీ (ఉన్నట్టుండి గుండె లయ తప్పి పడిపోయినవాళ్లకు కరెంటు షాక్ ఇచ్చే మెషీన్) పెట్టించాం. కమిటీలో ఉన్నాను కాబట్టి అవసరం పడితే నేనే వాడాల్సి రావచ్చు. ఉత్తినే కళ్లు తిరిగి పడిపోయిన మనిషికి షాక్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఆడవాళ్ల మెడలో మంగళసూత్రం, గొలుసులు ఉంటాయి కదా, వాటినేం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (ఎమర్జెన్సీ విభాగం నర్సు):
ఆ భయం వదిలేయండి సార్. షాక్ అవసరమా కాదా అన్నది తేల్చేది మెషీనే. దాని ప్యాడ్లు (అతుక్కునే పట్టీలు) ఛాతీకి అంటించగానే గుండె లయ చూస్తుంది. గుండె సరిగా కొట్టుకోకుండా అదిరిపోతూ ఉంటేనే ఛార్జ్ అవుతుంది. మామూలుగా కొట్టుకుంటున్నా, పూర్తిగా ఆగిపోయినా మీరు బటన్ నొక్కినా షాక్ రాదు.

నాకు భయమల్లా ఆలస్యం గురించే. షాక్ అందని ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. భుజం తట్టి పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అనుకుంటే ఇక ఆలోచించొద్దు. అప్పుడప్పుడూ నోరు తెరిచి ఎగశ్వాసలా లాగడాన్ని చూసి ‘ఊపిరి ఆడుతోందిలే’ అని చాలామంది ఆగిపోతారు. అది ఊపిరి కింద లెక్క కాదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు మెషీన్ కోసం పరుగెత్తాలి, మీరు వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా.

మెషీన్ రాగానే ఆన్ చేయండి. జాకెట్టయినా చొక్కాయైనా మొహమాటపడకుండా కత్తిరించండి, ప్యాడ్లు ఒంటికే అంటాలి. ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కటెముకల మీద. మంగళసూత్రం తీయక్కర్లేదు, ప్యాడ్ల కిందికి రాకుండా పక్కకు జరిపితే చాలు. చెమట ఉంటే తుడవాలి. మందు పట్టీ ఉంటే పీకేయాలి. చర్మం కింద పేస్‌మేకర్ ఉబ్బు కనిపిస్తే దాని మీద కాకుండా కాస్త ఎడంగా అంటించండి.

లయ చూసేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ ముట్టుకోకూడదు. ‘దూరం జరగండి’ అని గట్టిగా అరవండి. షాక్ పడిన మరుక్షణం మళ్లీ నొక్కడం మొదలెట్టాలి. అక్కడే అందరూ ఆగి మొహం చూస్తూ నిలబడిపోతారు. దయచేసి ఆ పని చేయొద్దు. రెండు నిమిషాలకు మెషీన్ మళ్లీ తనే చూస్తుంది. మనిషి తేరుకున్నా ప్యాడ్లు పీకొద్దు, 108 వాళ్లు వచ్చేదాకా ఆఫ్ చేయొద్దు.

ప్రశ్న:
చాలా థ్యాంక్సండీ. పిల్లలకైతే? ఇంకోటి, మా మెషీన్ ఇంగ్లీషులో మాట్లాడుతుంది. వాచ్‌మన్‌కు అర్థం కాదు.

జవాబు:
ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు చిన్న ప్యాడ్లు వాడాలి. అవి లేకపోతే పెద్దవే, ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపు మీద అంటించండి. మెషీన్ చెప్పే మాటలన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టె పక్కన అతికించండి. వాచ్‌మన్‌కు ఛాతీ నొక్కడం నేర్పించండి, రాత్రిపూట ముందు చేరేది ఆయనే. పెట్టెకు తాళం వేసి తాళంచెవి సెక్రటరీ ఇంట్లో మాత్రం పెట్టకండి. ప్యాడ్లకూ బ్యాటరీకీ గడువు తేదీ ఉంటుంది, ఈరోజే చూడండి.