‘తెలుసు’కీ ‘వచ్చు’కీ మధ్య పలాస జీడిపప్పు

అందరికీ నమస్కారం. ఒక్క క్రియ దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మీ ముందు పెడుతున్నాను.

నేనుండేది విజయనగరం. ఇంట్లో కూర్చుని కంపెనీలకి ఆన్‌లైన్ పాఠాలు తయారుచేస్తాను. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ అంటారు. మా అమ్మ మాత్రం ఇరుగుపొరుగుకి ‘కంప్యూటర్లో మేస్టరు పని’ అని చెప్తుంది, అదే నయం.

ఈసారి పని జీడిపప్పు గ్రేడింగులో కొత్తగా చేరేవాళ్ళు ఫోన్లో చూసుకునే పాఠం. ఇంగ్లీషు స్క్రిప్టుకి ఎవరో చేసిన తెలుగు ఇలా మొదలైంది: ‘ఈ మాడ్యూల్ ముగిసేసరికి అభ్యాసకులు జీడిపప్పు గ్రేడ్లను తెలుసుకుంటారు.’ ‘అభ్యాసకులు’ని అక్కడికక్కడే ‘మీరు’ చేసేశాను, దానికి చర్చ అక్కర్లేదు. చిక్కంతా ‘తెలుసుకుంటారు’తోనే.

పని చూద్దామని పలాస వెళ్ళాను. బల్ల దగ్గర ఒకామె గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు తోసేస్తూ, గుండ్లలో మళ్ళీ సైజులు విడదీస్తోంది. ‘డబ్ల్యూ 320 అంటే ఏంటమ్మా?’ అన్నాను. ‘అదేటో నాకు తెలీదు బాబూ. మూడొందలిరవై అంటే ఇదిగో, ఇది’ అని ఒక గింజ నా అరచేతిలో పెట్టింది. రెండో చెయ్యి ఆగలేదు.

నాకేమో తెలుసు. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 300 నుంచి 320 గింజలు తూగితే డబ్ల్యూ 320. 220 నుంచి 240 అయితే డబ్ల్యూ 240. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. ఇంత తెలిసినవాణ్ణి, పది గింజలు ముందు పోస్తే నాలుగు తప్పు పెట్టాను. ‘మీకు రాదు బాబూ’ అని నవ్వేసింది.

ఆమెకి వచ్చు, తెలీదు. నాకు తెలుసు, రాదు. ‘ఐ నో తెలుగు’ని ‘నాకు తెలుగు తెలుసు’ అంటే అలాంటి భాష ఒకటుందని తెలుసన్నట్టే ఉంటుంది. మనం ‘తెలుగు వచ్చు’ అంటాం. మా వృత్తిలో మేగర్ అనే ఆయన 1962లోనే, పాఠం లక్ష్యంలో ‘తెలుసుకుంటారు’ లాంటి మాటలు రాయొద్దు, బయటికి కనిపించే పని రాయండి అని పుస్తకం రాసి మరీ చెప్పాడు. మనకి ఆ తేడా ఈత దగ్గరా, సైకిలు దగ్గరా రోజూ నోట్లో ఆడుతూనే ఉంది.

ఇంకో సంగతి. ఈ ‘వచ్చు’ మనిషిని బట్టి మారదు. నాకు వచ్చు, నీకు వచ్చు, వాళ్ళకి వచ్చు. పాత ‘వచ్చును’ అలాగే గడ్డకట్టింది. పైగా ‘నేను’ కాదు, ‘నాకు’. నేర్చుకునేది నేనే, వచ్చేది మాత్రం విద్య. మీరేమంటారు?

వ్యాఖ్య: మా తెలంగాణలో ‘ఈత వస్తది’ అంటాం. కదలిక బతికే ఉంది, గడ్డకట్టలేదు.

వ్యాఖ్య: ఒప్పుకోను. ‘పని తెలిసినవాడు’ అంటే పని రానివాడా? మేస్త్రీని మెచ్చుకోవాలంటే ఆ మాటే వాడతాం కదా.

నా జవాబు: దెబ్బ కొట్టారు. దీని గురించి ఆలోచించలేదు. ‘వంట వచ్చు’ అంటే అన్నం, పప్పు, చారు దించగలదని. ‘వంట తెలిసిన మనిషి’ అంటే పెళ్ళివారు గంట ముందే దిగినా కంగారు పడనిది. అంటే ‘తెలుసు’ ఒకచోట ‘వచ్చు’ కంటే కింద, ఇంకోచోట పైన. నా గీత అంత తిన్నగా లేదన్నమాట.

వ్యాఖ్య: మాది శ్రీకాకుళం. ‘గుంటడికి సైకిలొచ్చీసింది’ అంటాం. పాఠంలో ఆ ‘వచ్చీసింది’ పెట్టండి. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పాఠపుస్తకాలు రాశారు. పలాస వాళ్ళకి పలాస మాట రాయడానికి మీకు భయమెందుకు?

నా జవాబు: భయం నాది కాదండి, పాఠం ఆమోదించే ఆయనది. తెర మీద ‘వచ్చేస్తుంది’ రాసి, ఆడియోలో ‘వచ్చీస్తాది’ అనిపించాను. ఇప్పుడు మొదటి తెర: ‘ఇది అయ్యేసరికి 240నీ 320నీ చూడగానే విడదీయడం మీకు వచ్చేస్తుంది.’ పరీక్ష కూడా మార్చాను. ‘డబ్ల్యూ 320 అనగానేమి’ తీసేసి, గింజల ఫొటోలు ఇచ్చాను, వేలితో లాగి సరైన బుట్టలో వెయ్యాలి. తప్పు వేస్తే ‘తప్పు’ అని కొట్టినట్టు కాకుండా ‘ఇంకా రాలేదు’ అని పెట్టాను. ‘రాదు’ అంటే తలుపు మూసేసినట్టు, ‘రాలేదు’ అంటే దారిలో ఉన్నట్టు.

వ్యాఖ్య: ఫోన్లో ‘ఇంకా రాలేదు’ అని కనిపిస్తే నెట్ రాలేదనుకుని ఆఫ్ చేసి ఆన్ చేస్తారండి.

నా జవాబు: ఇది మాత్రం నాకు తట్టలేదు! మరేం పెట్టమంటారు?

వ్యాఖ్య: మాది పలాసే. మా అమ్మ ఇరవయ్యేళ్ళు ఆ బల్ల దగ్గరే కూర్చుంది. కొత్తవాళ్ళు తప్పు చేస్తే ‘చెయ్యి తిరగాలమ్మా, మళ్ళీ ఏరు’ అనేది.

నా జవాబు: అదే పెడుతున్నాను.