నాన్నను ఇంటికి తీసుకెళ్లాలి, ఆసుపత్రి వాళ్లతో ఎలా మాట్లాడాలి?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 79 ఏళ్లు. పాంక్రియాస్ క్యాన్సర్ లివర్‌కి పాకింది, ఇక కీమో వల్ల ఉపయోగం లేదన్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నారు.

పెద్ద డాక్టర్ గారు రౌండ్స్‌లో రెండు నిమిషాలు కూడా ఆగరు. రాత్రి డ్యూటీ డాక్టరేమో ఆయాసం పెరిగితే వెంటిలేటర్ పెట్టాలి, ముందే సంతకం పెట్టండి అంటున్నారు. నాన్న పూర్తి స్పృహలోనే ఉన్నారు. "గొట్టాలు వద్దమ్మా, జనగామ తీసుకెళ్లు" అని నాతో స్పష్టంగా చెప్పారు. ఆ మాటే చెబితే, సలహాకు విరుద్ధంగా వెళ్తున్నట్టు రాసి డిశ్చార్జ్ చేస్తారట. అలా రాస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి ఇబ్బందా? బయట వేరే డాక్టరు నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రలు రాస్తారా? నాకు అన్నిటికంటే టెన్షన్ ఈ మాత్రల గురించే. రాత్రి నొప్పికి ఇంజెక్షన్ అడిగితే "ఆర్డర్ లేదు" అంటారు. నర్సులను అనను, పాపం వాళ్ల చేతిలో ఏముంది? కానీ తెల్లవారే దాకా ఆయన మూలుగుతుంటే తట్టుకోలేకపోతున్నాను.

2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్‌కి, అంటే కోలుకునే ఆశ లేనప్పుడు యంత్రాలతో ప్రాణం నిలపవద్దని ముందే రాసిపెట్టే పత్రానికి అనుమతిచ్చింది, 2023లో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధృవీకరిస్తే చాలని సులభం చేసింది. వార్డులో మంచం మీద ఉన్నవారి చేత ఎవరైనా రాయించారా? నోటరీ అక్కడికి వస్తారా?

ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ విభాగానికి (నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే విభాగం) వెళ్లినవాళ్లు ఉంటే, పేషెంట్‌ని తీసుకెళ్లకుండా రిపోర్టులతో నేనొక్కదాన్నే వెళ్లి మాట్లాడవచ్చా, చెప్పండి. అమెరికాలో ఉన్న అన్నయ్య ఆఖరి వరకు ప్రయత్నించాల్సిందే అంటున్నాడు. తనకు ఎలా నచ్చజెప్పాలి?