మెలకువగా ఉంచి బ్రెయిన్ ఆపరేషన్ అంటున్నారు, మాట పోకుండా ముందే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా అక్కకి మెదడు ముందు భాగంలో ఎడమవైపు, అంటే ఎడమ ఫ్రాంటల్ లోబ్‌లో గ్లయోమా అనే ఒక రకం మెదడు కణితి ఉందని తేలింది, మాట వచ్చే చోటుకి బాగా దగ్గరగా ఉందంట, అందుకే మెలకువలో ఉంచి ఆపరేషన్ చేస్తామన్నారు. మొన్న చేతిలో దువ్వెన పట్టుకుని దాని పేరు నోటికి రాక, తల దువ్వుకున్నట్టు చేసి చూపించి ఏడ్చేసింది, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

డాక్టరు గారు ఓపిగ్గానే చెప్పారు, మెదడుకి నొప్పి తెలీదు, తల చర్మానికి మత్తు ఇంజెక్షన్లు ఇస్తాం, తర్వాత మెదడు మీద చిన్న కరెంటు తగిలిస్తూ బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటాం, చెయ్యి కదపమంటాం, మాట ఆగిన చోట గుర్తు పెట్టి దాని జోలికి పోము అని. మధ్యలో ఫిట్స్ వస్తే మెదడు మీద చల్లటి సెలైన్ పోస్తారంట.

నా అసలు డౌటు భాష గురించి. అక్క ఇంట్లో తెలుగు, ఆఫీసులో అంతా ఇంగ్లీషు. రెండు భాషలకీ మెదడులో కొన్ని చోట్లు కలిసి, కొన్ని వేరుగా ఉండొచ్చంట కదా, మరి రెండింట్లోనూ టెస్టు చేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? బొమ్మల పేర్లు ముందే ఇంట్లో ప్రాక్టీస్ చేయించారా? ఇప్పటికే రాని పదాలు ఆ లిస్టులోంచి తీసేశారా?

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు మాట తడబడటం, కుడి చెయ్యి సరిగ్గా కదలకపోవడం ఉండొచ్చన్నారు, మీవాళ్ళకి ఎన్నాళ్ళు పట్టింది, స్పీచ్ థెరపీ ఎప్పుడు మొదలుపెట్టారు? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.