మొక్కకు ప్లాస్టిక్ గొట్టం: ఎత్తు పెరిగితే సరిపోతుందా?

నందివర్ధనం:
కొత్తగా నాటిన పూలచెట్ల మొక్కలకు ప్లాస్టిక్ ట్యూబ్ తొడగడం మంచిదేనా? ట్యూబ్‌లో ఉన్నవి చకచకా పైకి లేస్తున్నాయి, కానీ కాండం మాత్రం సన్నగానే ఉంటోంది.

వేపకొమ్మ:
తొడగాల్సిందేనండీ. 1979లో గ్రాహం ట్యూలీ అనే అటవీ నిపుణుడు బ్రిటన్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. లోపల తేమ నిలుస్తుంది, ఆకుల నుంచి నీరు తక్కువగా ఆవిరవుతుంది. కుందేళ్లు కొరకలేవు. గడ్డి కోసే మెషీన్ తీగ బెరడుకు తగలదు. లేత మొక్కకు మొదలు దగ్గర బెరడు చుట్టూ ఊడిపోతే ఇక కోలుకోవడం కష్టం. ముందు మొక్క బతకాలి కదా.

తంగేడు:
బతకాలి, నిజమే. కానీ ఆ ఎత్తును చూసి సంబరపడకూడదు. గాలికి ఊగడమే కాండానికి వ్యాయామం. ఊగేకొద్దీ మొక్క మొదలు దగ్గర లావెక్కుతుంది, వేళ్లు గట్టిపడతాయి. ట్యూబ్‌లో ఊగే పని లేదు, వెలుతురూ తక్కువ. అందుకే బలమంతా పైకి సాగడానికే పోతుంది, వేళ్లకు వాటా తగ్గుతుంది. అలాంటి మొక్కకు ట్యూబ్ తీసేస్తే చాలాసార్లు తన బరువుకే వంగిపోతుంది. కలప కోసం పెంచేవాళ్లకు నిటారు కాండం కావాలి. మనవి అలంకరణ చెట్లు. కింది కొమ్మలు ఇరుక్కుని ఎండిపోతే ఆ చెట్టు తీరే మారిపోతుంది. నా దృష్టిలో ఇది చిన్న నష్టం కాదు.

వేపకొమ్మ:
తంగేడు గారూ, వంగిపోవడానికి అసలు కారణం తొందరపడి తీసేయడం. తల ట్యూబ్ దాటి బయటికొచ్చి గాలి తగిలాక ఎత్తు నెమ్మదించి కాండం లావెక్కడం మొదలవుతుంది. అప్పటిదాకా ఆగాలి.

తంగేడు:
ఆగినా, రంధ్రాలు లేని ట్యూబ్ అయితే నేను ఒప్పుకోను. ఎండలో లోపల వేడి బయటికంటే బాగా పెరుగుతుంది. గాలి ఆడకపోతే పగటిపూట ఆకులకు కార్బన్ డయాక్సైడ్ కూడా చాలదు. మంచు కురిసే చోట్ల ఇంకో టెన్షన్: లోపలి వెచ్చదనానికి చలికాలం దగ్గరపడ్డా చిగుళ్లు వస్తూనే ఉంటాయి, ముదరకముందే మంచుకు మాడిపోతాయి.

నందివర్ధనం:
మరి పశువుల బెడద ఉన్నచోట ఏం చేయమంటారు?

తంగేడు:
మొక్కకు తగలకుండా వెడల్పుగా ఇనుప జాలీ కట్టండి. కొమ్మలు విచ్చుకోవడానికి చోటుంటుంది, గాలీ వెలుతురూ తగులుతాయి. ట్యూబే వాడాల్సి వస్తే రంధ్రాలున్నది తీసుకోండి, లోపల మొలిచే కలుపు పీకుతూ ఉండండి. కాండం ట్యూబ్ అంచుకు ఒరుసుకునేలోపే దాన్ని నిలువుగా కోసి తీసేయండి.