పగటి పెళ్లిలో అరుంధతిని చూపించడం ఆచారమా, అబద్ధమా?

ఉత్తరపుదిక్కు: మొన్న మా తమ్ముడి పెళ్లి, ముహూర్తం ఉదయం 10:42కి. పంతులుగారు ఇద్దరినీ షామియానా బయటికి తీసుకొచ్చి "అదిగో అరుంధతి, కనపడిందామ్మా?" అన్నారు. ఎండ మాడ్చేస్తోంది. మా మరదలు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని "కనపడిందండీ" అంది. ఫొటోగ్రాఫర్ ఆ వేలు మూడుసార్లు ఎత్తించాడు. కనపడని చుక్కని కనపడిందనిపించడం ఏం ఆచారమండీ?

గోదారిగట్టు: కనపడకపోతే లేనట్టేనా? పగలు చుక్కలు ఎక్కడికీ పోవు. ఇంకో సంగతి, మామూలు జంట నక్షత్రాల్లో ఒకటి కదలకుండా ఉంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. వశిష్ఠుడూ అరుంధతీ మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు. ఆలుమగలు అలా ఉండాలని మన ఋషులు టెలిస్కోపు లేకుండానే చెప్పారు. నాసా వాళ్లు ఇప్పుడు ఒప్పుకున్నారు.

పప్పుచారు: నాకు పట్టపగలే కనపడ్డాయి, కేటరింగ్ బిల్లు చూసినప్పుడు.

ఉత్తరపుదిక్కు: ఆ వాట్సాప్ మెసేజ్ నాకూ వచ్చింది. ఏ జంట నక్షత్రాలైనా రెండూ తిరుగుతాయి సార్, రెండింటి మధ్యనుండే ఉమ్మడి భారకేంద్రం చుట్టూ. ఒకటి కదలకుండా కూర్చోవడం ఎక్కడా లేదు. పైగా మనం వశిష్ఠుడనే మిజార్‌లో ఉన్నవి నాలుగు నక్షత్రాలు. అరుంధతి, అంటే ఆల్కోర్, అది కూడా ఒంటరి కాదని 2009లో తేలింది. మొత్తం ఆరు. ఇప్పుడు చెప్పండి ఆలుమగల లెక్క.

మిట్టమధ్యాహ్నం: లోతైన బావిలో దిగి చూస్తే పగలు కూడా చుక్కలు కనపడతాయి. మా తాతగారు చూశారు.

ఉత్తరపుదిక్కు: బావిలోంచి చూసినా ఆకాశం అదే కదండీ. ఎండని గాలి చెదరగొట్టి ఆకాశమంతా వెలిగిస్తుంది, చుక్క ఆ వెలుతురులో కలిసిపోతుంది. శుక్రుడు ఎక్కడున్నాడో కచ్చితంగా తెలిస్తే పగలు పట్టుకోవచ్చు గానీ, అరుంధతి అతనికంటే వెయ్యి రెట్లకు పైగా మసక. బావిలోంచి నడినెత్తిన ఉన్నదే కనపడుతుంది, అరుంధతి మన ఊళ్లలో నడినెత్తికి ఎప్పుడూ రాదు. హైదరాబాదులో ధ్రువుడే 17 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అందుకే సప్తర్షులు కూడా అస్తమిస్తారు. కార్తీక, మార్గశిరాల్లో రాత్రి ఎనిమిదికి అరుంధతి భూమి కిందే. మాఘంలో రాత్రి పది, పదకొండు దాకా ఆగాలి. వైశాఖంలో అయితే చీకటిపడగానే ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది.

మిట్టమధ్యాహ్నం: అంటే మా తాతగారు అబద్ధం చెప్పారంటారు.

గోదారిగట్టు: మీకు అన్నీ డిగ్రీల్లో కావాలి. రేపు హోమగుండం టెంపరేచర్ ఎంతని కూడా అడుగుతారు. మా అమ్మాయీ ఇలాగే చదివింది. నాలుగు నెలల కిందట రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టి దండలు మార్చుకున్నారు, పది నిమిషాల్లో అయిపోయింది. పందిరి లేదు, అల్లుడి కాళ్లు కడిగింది లేదు. "కనపడని చుక్కకి దణ్ణమెందుకు నాన్నా" అంది. మీ మాటే, అక్షరం తేడా లేదు.

నల్లపూసలు: నా పెళ్లి వైశాఖంలో, రాత్రి 2:10కి. మేడ మీదికి తీసుకెళ్తే నిజంగానే చూశాను, వాయవ్యంలో, పెద్ద చుక్కని ఆనుకుని చిన్న మిణుకు. ఫొటోల కోసమని మా ఆయన కళ్లజోడు తీయించేశారు, ఆయనకి ఏమీ కనపడలేదు. అయినా అరుంధతిలా ఉండాలన్న పాఠం మాత్రం నాకే చెప్పారు. వశిష్ఠుడిలా ఉండమని ఆయనకి ఎవరూ చెప్పగా వినలేదు. చుక్క కనపడిందా లేదా అని ఇంతమంది కొట్టుకుంటున్నారు, ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

దర్భ: నేను పౌరోహిత్యం చేస్తాను. పగటి ముహూర్తాలకి "కనపడిందా" అని అడగడం మానేశాను, ఉత్తరానికి తిప్పి నమస్కారం చేయమంటాను. గోదారిగట్టుగారూ, మీ బాధ అర్థమైంది. కానీ మా పనికి నాసా సర్టిఫికెట్ తేవద్దు. రేపు వాళ్లు కాదంటే ఆ పెళ్లిళ్లన్నీ ఏమైపోవాలి? నల్లపూసలమ్మా, మీరన్నది నిజమే, నేను కూడా వధువుకే చెబుతున్నాను.

ఉత్తరపుదిక్కు: గోదారిగట్టుగారూ, మీ అమ్మాయి సంగతి తెలియక కాస్త ఎక్కువే మాట్లాడాను. అయితే ఒకటి కదలకుండా ఉంటుందన్నది మాత్రం తప్పే.

గోదారిగట్టు: సరే. వైశాఖంలో ఎన్ని గంటలకన్నారు?

మిట్టమధ్యాహ్నం: బావి సంగతి ఇంకా తేలలేదు.