సద్దుల బతుకమ్మ: జనరేటర్‌కి ఒప్పుకోలేదు, శనివారానికి లైట్లు ఎలా?

(లండన్‌లో బతుకమ్మ ఆడేవాళ్ళ గ్రూపులో మాటలు. ఎవరి మాట వాళ్ళ ఊరి పేరు మీద ఉంది.)

మంగళవారం

పాలమూరు: శనివారానికి నాలుగు రోజులే ఉంది. చూసుకోవాల్సినవి: ఐదు రకాల సద్దులు, పార్కింగ్ దగ్గర ఇద్దరు, పిల్లల బహుమతులు, బంతి, చామంతి పూలు. తంగేడు, గునుగు ఈసారీ దొరకలేదు. పేరు ఇవ్వనివాళ్ళు రేపటిలోగా ఇవ్వండి.

నల్గొండ: అక్కా, అది కాసేపు ఆపండి. పార్కు ఆఫీసు నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. చెరువు గట్టున పెట్రోల్ జనరేటర్ పెట్టనివ్వరట. అక్కడ కరెంటు పాయింటు లేదు. లండన్‌లో ఇప్పుడు ఆరున్నరకే చీకటి. లైట్లు, మైకు ఎట్లా?

గుంటూరు: హాలుకి మార్చేద్దాం. పిల్లలతో చీకట్లో గట్టు ఎక్కడం ప్రమాదం.

పాలమూరు: హాల్లో ఆడితే బతుకమ్మను ఎక్కడ సాగనంపుతాం? నీళ్ళ దగ్గర అనుమతి కోసం ఎన్ని నెలలు తిరిగామో అందరికీ తెలుసు. హాలు మాట వద్దు.

ఓరుగల్లు: 12 వోల్టుల బ్యాటరీలతో నడపొచ్చు. ఇళ్ళలో దొంగల అలారం పెట్టెల్లో ఉంటుందే, 7 ఆంపియర్ అవర్ (ఎంత కరెంటు ఎంతసేపు ఇస్తుందో చెప్పే లెక్క) సీల్డ్ లెడ్ యాసిడ్ రకం, అదే. మన ఎల్‌ఈడీ స్ట్రిప్ ఐదు మీటర్ల రోల్‌కి 24 వాట్లు, అంటే 2 ఆంపియర్లు. అలాగని 7ని 2తో భాగించి మూడున్నర గంటలు వస్తుందనుకోకండి. ఆ 7 అనేది 20 గంటల పాటు 0.35 ఆంపియర్ చొప్పున మెల్లగా వాడుకుంటే వచ్చేది. 2 ఆంపియర్లు లాగితే కొత్తదైనా మూడు గంటల లోపే. చలిలో ఇంకా తగ్గుతుంది. నాలుగు రోల్స్‌కి రెండేసి చొప్పున ఎనిమిది కావాలి.

సిద్దిపేట: ఎనిమిది కొనడానికి ఖాతాలో డబ్బు లేదు.

ఇందూరు: మా ఆఫీసులో యూపీఎస్‌లోంచి తీసేసినవి పది ఉన్నాయి, ఇదే సైజు. మీటర్ పెట్టి చూశాను, అన్నీ 12.8 వోల్టులు చూపిస్తున్నాయి. ఇక టెన్షన్ లేదు.

ఓరుగల్లు: ఉంది. ఊరికే అయితే ఎవరూ తీసేయరు తమ్మీ. పాతబడిన బ్యాటరీలో పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఏమీ తగిలించకుండా ఉంటే 12.8 చూపిస్తుంది, బల్బు తగిలించగానే కూలబడుతుంది. వీటిని నమ్ముకుంటే ఆట మధ్యలో చీకటే.

ఇందూరు: ఎవరూ ఏమీ తేకపోతే నేను తెచ్చాను. అదీ తప్పేనా? ప్రతిసారీ ఇంతే. ఇక మీరే చూసుకోండి.

గుంటూరు: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు కొనేద్దాం. డబ్బు నేనిస్తాను, గొడవ వద్దు.

ఓరుగల్లు: అవి మంచివే. కానీ వాటికి 14.6 వోల్టుల దగ్గర ఆగే వేరే చార్జర్ కావాలి. లెడ్ వాటితో కలిపి కట్టకూడదు. శనివారం లోపు అవన్నీ కుదరవు.

పాలమూరు: ఇద్దరూ ఆగండి. ఇందూరూ, నువ్వు తెచ్చావు కాబట్టే ఈ మాత్రం దారి కనిపిస్తోంది. రేపు అన్నీ మా ఇంటికి పట్టుకురా. ఇద్దరూ ఇక్కడే భోంచేసి పరీక్షించండి.

ఓరుగల్లు: తీసుకురా తమ్మీ, కలిసి చేద్దాం. మోటార్‌సైకిల్ బ్యాటరీ చార్జర్లు ఉన్నవాళ్ళు పంపండి. కారు బ్యాటరీ చార్జర్ వద్దు, అది 8 ఆంపియర్లు నెడితే ఈ చిన్నవి వేడెక్కి ఉబ్బుతాయి. వీటికి 2 దాటకూడదు, వోల్టేజీ 14.4 నుంచి 14.7 మధ్య. రాత్రంతా చార్జ్ చేసి, తీసి కొన్ని గంటలు ఉంచి, 21 వాట్ల కారు ఇండికేటర్ బల్బు పెడదాం. పావుగంటకోసారి వోల్టులు రాసుకుని, 10.5కి రాగానే ఆపేద్దాం. ఆపిన వెంటనే మళ్ళీ చార్జింగ్‌కి పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే పాడవుతాయి.

గురువారం రాత్రి

ఇందూరు: రెండు ఉబ్బి ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. నాలుగు బ్యాటరీలు రెండు గంటలు దాటాయి. ఇంకో రెండు ఒక గంట దగ్గరే ఆగాయి. మిగతా రెండూ బల్బు పెట్టకముందు 12.8, పెట్టాక చూస్తుండగానే 12, 11, ఐదో నిమిషానికి 9.6. అన్న చెప్పింది కళ్ళారా చూశాను. పనికిరానివి రీసైక్లింగ్‌కి నేను తీసుకెళ్తాను.

నల్గొండ: నాలుగే అంటే రెండు రోల్స్‌కే సరిపోతాయి.

ఇందూరు: రెండు రోల్స్‌నీ వాటి మీదున్న కత్తిరించే గుర్తుల దగ్గర సగానికి కత్తిరిద్దాం. ఒక్కో ముక్కకి 1 ఆంపియర్ చాలు, ఒక్క బ్యాటరీ మీదే మూడు గంటలు వెలుగుతుంది. ఆట చుట్టూ నాలుగు వైపులా నాలుగు ముక్కలు.

కరీంనగర్: మైకు మర్చిపోండి. ఒకరు పాట ఎత్తుకుంటే ‘ఉయ్యాలో’ అని అందుకోవడానికి వంద గొంతులున్నాయి.

గుంటూరు: అయితే మెట్ల దగ్గరికి కొత్త బ్యాటరీలు రెండు అలారం షాపులో నేను కొంటాను. పిల్లలు నడిచే చోట పాతవి వద్దు.

ఓరుగల్లు: మంచి మాట. వాటినీ రాత్రికి చార్జింగ్‌కి పెట్టండి, షాపులో ఎన్నాళ్ళున్నాయో ఏమో. ప్రతి బ్యాటరీ ప్లస్ తీగకి 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాల్సిందే. చిన్నవే అయినా తీగలు ఒకదానికొకటి తగిలితే నిప్పంటుకుంటుంది.

నల్గొండ: జనరేటర్ లేదు, బ్యాటరీలే అని పార్కుకి రాశాను. సరే అన్నారు. తొమ్మిదికల్లా ఖాళీ చేయమన్నారు.

సిద్దిపేట: ఫ్యూజులు నా దగ్గర ఉన్నాయి. ఐదున్నరకల్లా గట్టు దగ్గరుంటాను, బ్యాటరీలు పెట్టడానికి మూత ఉన్న డబ్బాలు ఎవరైనా తీసుకురండి.

కరీంనగర్: ఆరు డబ్బాలు నేను తెస్తాను.